కొలిచి దిద్దడం: క్యూబిట్‌ను ఫీడ్‌బ్యాక్‌తో అదుపులో పెట్టాలంటే ముందు చూడాల్సినవి

ఫీడ్‌బ్యాక్ అనగానే కంట్రోల్ ఇంజనీరింగ్ చదివినవాళ్ల కళ్లముందు ఒక బొమ్మ మెదులుతుంది. సెన్సర్ కొలుస్తుంది, కంట్రోలర్ తేడా లెక్కగడుతుంది, ఇంకోటి ఆ తేడాను సరిచేస్తుంది. ఈ బొమ్మలో ఎవరూ పైకి చెప్పని షరతు ఒకటుంది: కొలిచినంత మాత్రాన వస్తువు మారకూడదు. క్యూబిట్ (సున్నా, ఒకటి స్థితుల్లోనే కాక వాటి కలయికలోనూ ఉండగల క్వాంటమ్ బిట్) దగ్గర ఆ షరతు చెల్లదు. కొలిస్తే స్థితి కదులుతుంది.

మరి దిద్దడం ఎలా? ఆ కదలిక గుడ్డిగా జరగదు, అదే మనకున్న వెసులుబాటు. ఏ ఫలితం వచ్చిందో తెలిస్తే స్థితి ఎటు కదిలిందో లెక్కగట్టొచ్చు. కొలత రికార్డు పూర్తిగా మన చేతికొస్తే శుద్ధ స్థితి, అంటే మనకు పూర్తిగా తెలిసిన స్థితి, కొలిచాక కూడా శుద్ధంగానే ఉంటుంది. చెడగొట్టేది కొలత కాదు, కొలతలో మన చేతికి రాకుండా జారిపోయిన భాగం. కాబట్టి లూప్ ఏదైనా ముందు రెండు అంకెలు అడగాలి. సమాచారంలో ఎంత భాగం అందుతోంది? ఎంత ఆలస్యంగా అందుతోంది? అల్గారిథమ్ గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. చాలా చోట్ల ఈ వరుస తిరగబడుతుంది, నెలలు అక్కడే పోతాయి.

యాక్టివ్ రీసెట్

అన్నిటికన్నా సులువైన లూప్‌తో మొదలుపెడదాం. ట్రాన్స్‌మాన్ అనే సూపర్‌కండక్టింగ్ క్యూబిట్‌ను సున్నా స్థితికి, అంటే తక్కువ శక్తి స్థితికి తేవాలి. ఊరికే వదిలేస్తే టీ1కి (ఒకటి స్థితి తనంతట తానే సున్నాకు జారే సగటు సమయానికి) 5 రెట్ల సమయం పడుతుంది. టీ1 50 మైక్రోసెకన్లయితే 250 మైక్రోసెకన్లు ఆగాలి. ఆగినా పూర్తి సున్నా రాదు. 5 గిగాహెర్ట్జ్ క్యూబిట్ శక్తి ఉష్ణోగ్రతలో చెబితే 240 మిల్లీకెల్విన్. ఫ్రిజ్ 20 మిల్లీకెల్విన్ చూపిస్తున్నా క్యూబిట్ అసలు ఉష్ణోగ్రత 50 దగ్గర ఉండటం మామూలే. అప్పుడు ఒకటి స్థితిలో 0.8 శాతం మిగిలే ఉంటుంది. 20 మిల్లీకెల్విన్‌కు నిజంగా చేరి ఉంటే అది లక్షలో ఒక వంతు కూడా ఉండేది కాదు.

కొలిచి, ఒకటి వస్తే పై (π) పల్స్, అంటే సున్నాను ఒకటిగా, ఒకటిని సున్నాగా తిప్పే పల్స్ కొట్టి కిందికి దించడం యాక్టివ్ రీసెట్. ప్రొజెక్టివ్ కొలతతో (స్థితిని సున్నాకో ఒకటికో పూర్తిగా పడేసే కొలతతో) ఇలా సూపర్‌కండక్టింగ్ క్యూబిట్‌ను అదుపు చేయడాన్ని 2012లో డెల్ఫ్ట్ బృందం చూపించింది. ఇప్పుడు ఇది రోజువారీ పనిముట్టు. అయినా లోపల ఏం జరుగుతోందో అంకెల్లో చూడటం మంచిది, తర్వాత వచ్చే పెద్ద లూపుల కష్టాలన్నీ ఇందులో చిన్నగా కనిపిస్తాయి.

క్యూబిట్ పక్కన సుమారు 7 గిగాహెర్ట్జ్ రీడౌట్ రెజొనేటర్ ఉంటుంది. క్యూబిట్ సున్నాలో ఉందా, ఒకటిలో ఉందా అన్నదాన్ని బట్టి రెజొనేటర్ ఫ్రీక్వెన్సీ కాస్త పక్కకు జరుగుతుంది. రీడౌట్ పల్స్ పంపితే తిరిగొచ్చే సిగ్నల్ ఫేజ్‌లో ఆ తేడా కనిపిస్తుంది. ఆ సిగ్నల్ సర్క్యులేటర్లు (సిగ్నల్‌ను ఒకే దిశలో పోనిచ్చేవి) దాటి, అతి తక్కువ నాయిస్ కలిపే పారామెట్రిక్ యాంప్లిఫయర్ దాటి, 4 కెల్విన్ దగ్గరున్న హెమ్ట్ అనే ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ దాటి, గది ఉష్ణోగ్రతలో ఫ్రీక్వెన్సీని తగ్గించే మిక్సర్‌కు, అక్కణ్ణుంచి సిగ్నల్‌ను అంకెలుగా మార్చే ఏడీసీకి చేరుతుంది. ఎఫ్‌పీజీఏ (మనకు కావలసినట్టు అమర్చుకోగల వేగమైన చిప్) దాన్ని వెయిట్లతో గుణించి కూడి ఒక అంకె చేస్తుంది, థ్రెషోల్డ్‌తో, అంటే సున్నాను ఒకటి నుంచి విడదీసే గీతతో పోల్చి, పల్స్ కొట్టాలో వద్దో తేలుస్తుంది. ఈ నిర్ణయం కంప్యూటర్‌లో పైథాన్‌తో తీసుకోవాలంటే మిల్లీసెకన్లు పోతాయి, అప్పటికి క్యూబిట్ తనంతట తానే కిందికి వచ్చేసి ఉంటుంది.

సమయం లెక్క ఇలా వేసుకోవచ్చు. రీడౌట్ పల్స్ 300 నానోసెకన్లు. లోపలా బయటా కలిపి 10 మీటర్ల కేబుల్‌కు 50. ఏడీసీకి, లెక్కకు 150. అంకెలను తిరిగి పల్స్‌గా మార్చే డీఏసీ వైపు 60. పై పల్స్‌కు 30. రీడౌట్ పల్స్ సగం దగ్గర స్థితి తేలిపోయిందనుకుంటే, అక్కణ్ణుంచి పై పల్స్ పూర్తయ్యేదాకా 440 నానోసెకన్లు. ఈ సందులో క్యూబిట్ తనే సున్నాకు జారిపోయే అవకాశం 440 బై 50,000, అంటే సుమారు 0.9 శాతం. అలా జారిన క్యూబిట్‌కు పై పల్స్ తగిలితే తిరిగి పైకెక్కుతుంది. మేలు చేయాల్సిన పల్సే కీడు చేస్తుంది.

ఇక్కడ రెజొనేటర్‌ను మర్చిపోతే ఇంకో దెబ్బ. రీడౌట్ పల్స్ ఆగినా లోపల ఫోటాన్లు వెంటనే ఖాళీ కావు. అవి ఉన్నంతసేపు క్యూబిట్ ఫ్రీక్వెన్సీ జరిగి ఉంటుంది, పై పల్స్ సరిగ్గా తగలదు. రెజొనేటర్ ఖాళీ అయ్యే వేగం, అదే కప్పా, 2 మెగాహెర్ట్జ్ అయితే ఫోటాన్ ఆయుష్షు 80 నానోసెకన్లు. 5 ఫోటాన్లు 0.05కు తగ్గాలంటే దాదాపు 370 నానోసెకన్లు కావాలి. కేబుల్‌లో, ఏడీసీలో, డీఏసీలో గడిచే 260 ఎలాగూ ఇందులోనే కలిసిపోతాయి కాబట్టి అదనంగా ఆగాల్సింది 110. అంటే కప్పా ఇలాగే ఉంచి ఎలక్ట్రానిక్స్ ఆలస్యాన్ని 260 నుంచి 100కి తెచ్చినా ఒరిగేదేమీ లేదు. ముందు రెజొనేటర్‌ను వేగంగా ఖాళీ చేయాలి: కప్పా పెంచి, దానివల్ల టీ1 పడిపోకుండా పర్సెల్ ఫిల్టర్ (క్యూబిట్ శక్తి రీడౌట్ లైన్‌లోకి కారిపోకుండా ఆపేది) పెట్టాలి, లేదా రీడౌట్ చివర ఫోటాన్లను వెనక్కి లాగే పల్స్ జోడించాలి. 2017లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ బృందం 88 నానోసెకన్లలోనే 99.2 శాతం కచ్చితత్వంతో రీడౌట్ చూపించింది. దాని వెనకున్నది ఎక్కువ కప్పా, బలమైన కప్లింగ్, పర్సెల్ ఫిల్టర్. తెలివైన సాఫ్ట్‌వేర్ కాదు.

థ్రెషోల్డ్ గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఎక్కువమంది దాన్ని ఒకసారి మధ్యలో పెట్టి మర్చిపోతారు. మళ్లీ మళ్లీ కొలిస్తే వచ్చే అంకెలు సున్నాకు ఒక గుంపుగా, ఒకటికి ఇంకో గుంపుగా పడతాయి. ఆ రెండు గుంపుల కేంద్రాల మధ్య దూరం 5 సిగ్మా (సిగ్మా అంటే నాయిస్ వల్ల గుంపుకు వచ్చే వెడల్పు) అనుకుందాం. గీత మధ్యలో ఉంటే రెండు వైపులా తప్పు 0.62 శాతం. మొదట క్యూబిట్ సగం సున్నా, సగం ఒకటి అనుకుంటే, మొదటి రౌండ్ తర్వాత ఒకటిలో మిగిలేది రీడౌట్ తప్పు 0.62, జారుడు తప్పు అందులో సగానికి 0.45, మొత్తం 1 శాతం చిల్లర. సరే, రెండో రౌండ్ కొడదాం. అదే గీతతో కొడితే మిగిలేది 0.62 శాతం. ఒక రౌండ్ మొత్తం ఖర్చుపెట్టి సంపాదించింది దాదాపు ఏమీ లేదు. కారణం ఏమిటంటే, ఇప్పుడు 99 శాతం క్యూబిట్లు సున్నాలోనే ఉన్నాయి. వాటిలో 0.62 శాతాన్ని పొరపాటున ఒకటి అని చదివి, బాగున్నదాన్ని మనమే పైకెత్తుతున్నాం.

బేయస్ సూత్రం (ముందున్న అంచనాను కొత్త కొలతతో కలిపే సూత్రం) ప్రకారం గీత ఒకటి వైపుకు జరగాలి. ఎంత? సిగ్మా వర్గాన్ని కేంద్రాల దూరంతో భాగించి, 99 యొక్క సహజ లాగరిథమ్‌తో గుణించాలి. లాగరిథమ్ 4.6, దూరం 5 కాబట్టి 0.92 సిగ్మా. అలా జరిపితే సున్నాను ఒకటిగా చదివే తప్పు 0.03 శాతానికి పడిపోతుంది. ఒకటిని సున్నాగా చదివే తప్పు 5.7 శాతానికి పెరుగుతుంది, కానీ ఒకటిలో ఉన్నదే 1 శాతం, అందులో 5.7 శాతం అంటే 0.057. మొత్తం 0.09 శాతం. హార్డ్‌వేర్‌లో ఏమీ మార్చకుండా ఒక్క అంకె జరిపితే ఏడు రెట్ల లాభం. ఆ కింద అడుగున ఉండేది లూప్ సమయంలో వేడివల్ల క్యూబిట్ పైకెక్కే అవకాశం, పై అంకెలతో సుమారు 0.01 శాతం.

ఇక లీకేజ్, అంటే క్యూబిట్ సున్నా, ఒకటి దాటి పై స్థితుల్లోకి పోవడం. రీడౌట్ పవర్ పెంచితే గుంపులు బాగా విడిపోతాయి కదా అని పెంచుతూ పోతే ట్రాన్స్‌మాన్ ఒకటి కన్నా పైనున్న రెండో స్థితికి (2కు) ఎగురుతుంది. సిగ్నల్ రెండు భాగాలను గీసి చూసే ఐ-క్యూ ప్లేన్‌లో ఆ మూడో గుంపు చాలాసార్లు ఒకటి గుంపుకు దగ్గరగా పడుతుంది. లూప్ దాన్ని ఒకటి అనుకుని పై పల్స్ కొడుతుంది. ఆ పల్స్ ఫ్రీక్వెన్సీ 200, 300 మెగాహెర్ట్జ్ తేడాగా ఉండటంతో రెండో స్థితికి తగలనే తగలదు. మళ్లీ కొలిస్తే మళ్లీ ఒకటే. వరుసగా నాలుగైదు రౌండ్లు ఒకటి అనే వస్తుంటే పై పల్స్ క్యాలిబ్రేషన్‌ను అనుమానించే ముందు లీకేజ్‌ను అనుమానించండి. మందు మూడు గుంపుల వర్గీకరణ: రెండు వస్తే ముందు 2-1 పల్స్, ఆ వెంటనే 1-0 పల్స్.

బ్రాంచింగ్‌లో, అంటే ఫలితాన్ని బట్టి దారి మార్చడంలో ఇంకో చిక్కుంది. రీసెట్‌లో పై పల్స్ ఫేజ్ ఎంతున్నా నడుస్తుంది. కానీ టెలిపోర్టేషన్ (ఒక క్యూబిట్ స్థితిని ఇంకోదానికి చేర్చడం) లాంటి చోట, ఒక క్యూబిట్ ఫలితాన్ని బట్టి ఇంకో క్యూబిట్ సూపర్‌పొజిషన్‌ను, అంటే సున్నా-ఒకటి కలయికను తిప్పాల్సినప్పుడు ఫేజ్ ప్రాణం. పల్స్ కొట్టే దారి ఒక వ్యవధి, కొట్టని దారి ఇంకో వ్యవధి తీసుకుంటే తర్వాతి గేట్లన్నీ ఫేజ్ తప్పుతాయి. రెండు దారులనూ ఒకే పొడవుకు ఖాళీ క్లాక్‌లతో నింపాలి. ఓసిలేటర్ ఫేజ్ బ్రాంచ్‌తో సంబంధం లేకుండా నడుస్తూనే ఉండాలి.

బలహీన కొలత, అందులో జారిపోయేది

రీసెట్‌లో కొలత గట్టిది: స్థితి ఏదో ఒక వైపుకు పూర్తిగా పడిపోతుంది. రీడౌట్ పవర్ తగ్గిస్తే రెండు గుంపులు ఒకదానిమీద ఒకటి పడతాయి, ఒక్కో కొలత స్థితిని కొంచెం మాత్రమే జరుపుతుంది. వచ్చిన వోల్టేజ్‌తో బేయస్ సూత్రం వాడి సున్నా, ఒకటి అవకాశాలను సవరిస్తాం. సున్నా-ఒకటి కలయిక ఎంత నిలిచి ఉందో చెప్పే ఆఫ్-డయాగనల్ పదాన్ని దానికి తగినట్టు సరిచేసి, చేతికి రాని సమాచారం మేరకు తగ్గిస్తాం. ఇలా అడుగడుగునా చేస్తే క్యూబిట్ నడిచే దారి కనిపిస్తుంది. గణితం కొత్తదేమీ కాదు. గణిత శాస్త్రవేత్త బెలావ్‌కిన్ 1980ల్లోనే క్వాంటమ్ ఫిల్టరింగ్‌కు (కొలతల నుంచి స్థితిని అంచనా వేసే పద్ధతికి) పునాది వేశారు. 1993లో భౌతిక శాస్త్రవేత్తలు వైజ్‌మన్, మిల్‌బర్న్ హోమోడైన్ సిగ్నల్‌ను (తరంగంలో ఎంచుకున్న ఒక్క ఫేజ్ భాగాన్నే కొలిస్తే వచ్చేదాన్ని) నేరుగా వెనక్కి పంపే ఫీడ్‌బ్యాక్ సిద్ధాంతం ఇచ్చారు. ప్రయోగం ఆగిపోయింది యాంప్లిఫయర్ల కోసం.

ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. 7 గిగాహెర్ట్జ్ ఫోటాన్ శక్తి 0.336 కెల్విన్‌కు సమానం. హెమ్ట్ నాయిస్ 4 కెల్విన్ అనుకుంటే అది 12 ఫోటాన్ల నాయిస్ కలుపుతుంది. సహజంగా ఉండే శూన్య నాయిస్ అర ఫోటాన్. అంటే కొలత సామర్థ్యం, అదే ఈటా, 0.5 బై 12.5, కేవలం 4 శాతం. మిగతా 96 శాతం సమాచారం నాయిస్‌లో కలిసిపోయినట్టే, ఆ మేరకు క్యూబిట్ డీఫేజ్ అవుతుంది, అంటే దాని ఫేజ్ చెదిరిపోతుంది. హెమ్ట్ ముందు 20 డెసిబెల్ గెయిన్ ఉన్న జోసెఫ్‌సన్ పారామెట్రిక్ యాంప్లిఫయర్ పెడితే ఆ 12 కాస్తా 0.12 అవుతుంది, ఈటా 80 శాతానికి ఎగబాకుతుంది. కానీ చిప్‌కు, యాంప్లిఫయర్‌కు మధ్య సర్క్యులేటర్లు, కనెక్టర్లు 2 డెసిబెల్ తినేస్తే అది 0.63తో గుణకారం, సరిగ్గా సగం దగ్గర తేలుతుంది. యాంప్లిఫయర్ తర్వాత పోయిన డెసిబెల్‌ను పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ముందు పోయింది మాత్రం ఎంత గెయిన్ పెట్టినా తిరిగి రాదు. ఒక అనవసర కనెక్టర్ తీసేస్తే వచ్చే లాభం ఎన్ని కాల్మన్ ఫిల్టర్లు (నాయిస్‌లోంచి స్థితిని అంచనా వేసే అల్గారిథమ్‌లు) రాసినా రాదని నా నమ్మకం.

యాంప్లిఫయర్‌ను ఏ మోడ్‌లో నడుపుతున్నారన్నదీ ముఖ్యమే. ఫేజ్ ప్రిజర్వింగ్ మోడ్‌లో సిగ్నల్ రెండు క్వాడ్రచర్లూ (ఫేజ్‌లో 90 డిగ్రీల తేడా ఉన్న రెండు భాగాలూ) పెరుగుతాయి గానీ ఆదర్శంలో కూడా అర ఫోటాన్ నాయిస్ తప్పదు, కాబట్టి ఒక క్వాడ్రచర్ నుంచి వచ్చే ఈటాకు 50 శాతం పైకప్పు. ఫేజ్ సెన్సిటివ్ మోడ్‌లో ఆ పైకప్పు లేదు, కానీ యాంప్లిఫయర్‌ను నడిపే పంప్ టోన్ ఫేజ్ సరిగ్గా ఉండాలి. పంప్ ఫేజ్ 90 డిగ్రీలు పక్కకు పోతే మనం కొలిచేదే మారిపోతుంది: సున్నా-ఒకటి గురించిన సమాచారం బదులు రెజొనేటర్‌లోని ఫోటాన్ల సంఖ్య ఒడిదొడుకులు చేతికొస్తాయి, అవి క్యూబిట్ ఫేజ్‌ను ఎంత తిప్పాయో చెబుతాయి. క్యూబిట్ మీద వెనక్కి పడే దెబ్బ ఏ దిశలో కనిపించాలో నిర్ణయించేది గదిలో ఉన్న ఒక ఫేజ్ షిఫ్టర్! ఇది కొద్ది కొద్దిగా పక్కకు జరిగితే లూప్ నెమ్మదిగా పాడవుతుంది, హఠాత్తుగా కాదు. అందుకే కనిపెట్టడం కష్టం. రన్‌ల మధ్య సున్నా, ఒకటి స్థితులను సిద్ధం చేసి రెండు గుంపుల కోణం చూసుకుంటూ ఉండటం ఒక్కటే దారి.

ఈటాను ఊహించకూడదు, కొలవాలి. ఒకే రీడౌట్ పల్స్‌ను వేర్వేరు ఆంప్లిట్యూడ్‌లతో రెండు రకాలుగా వాడాలి. ఒకసారి సున్నా, ఒకటి తయారుచేసి సిగ్నల్-నాయిస్ నిష్పత్తి చూడాలి. అది ఆంప్లిట్యూడ్‌తో సరళరేఖలా పెరుగుతుంది. ఇంకోసారి ర్యామ్సే ప్రయోగం (రెండు పల్సుల మధ్య క్యూబిట్ ఫేజ్ ఎంత నిలిచిందో చూసేది) మధ్యలో అదే పల్స్ పెట్టి కోహెరెన్స్, అంటే ఆ ఫేజ్ నిలకడ, ఎంత పడిందో చూడాలి. అది గాసియన్‌లా తగ్గుతుంది. మొదటిది మనకు అందిన సమాచారం, రెండోది క్యూబిట్ నుంచి బయటికి పోయిన సమాచారం. రెంటి నిష్పత్తే ఈటా. ర్యామ్సే రెండో పల్స్‌కు ముందు రెజొనేటర్ ఖాళీ అయ్యేదాకా ఆగకపోతే ఫలితం తప్పుతుంది.

2012లో బర్కిలీలోని సిద్దికీ బృందం ఈ పద్ధతితోనే ఒక క్యూబిట్ రాబీ ఆందోళనలను (డ్రైవ్ కింద సున్నా, ఒకటి మధ్య ఊగిసలాటను) చావకుండా నిలబెట్టింది. బలహీన కొలత సిగ్నల్‌ను ఆశించిన ఆందోళనతో గుణిస్తే ఫేజ్ తేడా వస్తుంది, ఆ తేడాను బట్టి డ్రైవ్ ఆంప్లిట్యూడ్‌ను పెంచుతారు, తగ్గిస్తారు. ఫేజ్-లాక్డ్ లూప్ తెలిసినవాళ్లకు ఇది పాత చుట్టమే. రాబీ ఫ్రీక్వెన్సీ 1 మెగాహెర్ట్జ్, ఆలస్యం 250 నానోసెకన్లు అయితే ఫేజ్ 90 డిగ్రీలు వెనకబడుతుంది, అలాగే వదిలేస్తే లూప్ పనిచేయదు. స్థిరమైన ఆలస్యాన్ని రిఫరెన్స్ ఫేజ్ జరిపి సర్దొచ్చు. ఆ 250 నానోసెకన్లలో కొత్తగా జరిగిన డీఫేజింగ్‌ను మాత్రం ఏ రిఫరెన్సూ సర్దలేదు.

ఫిల్టర్‌ను ఎఫ్‌పీజీఏలో రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. మొదటిది, ఫిక్స్‌డ్ పాయింట్ అంకెల రౌండింగ్ వల్ల బ్లాక్ (Bloch) వెక్టర్, అంటే క్యూబిట్ స్థితిని చూపే బాణం, పొడవు ఒకటి దాటిపోతుంది, అప్పుడు అవకాశాలు నెగటివ్ అవుతాయి. ప్రతి కొన్ని అడుగులకు పొడవు కత్తిరించాలి. రెండోది, అడుగు వ్యవధి రెజొనేటర్ ఆయుష్షు కన్నా చిన్నదైతే వరుస శాంపిల్స్ ఒకదానికొకటి సంబంధం లేనివన్న ఊహ చెడుతుంది. 80 నానోసెకన్ల రెజొనేటర్‌కు 10 నానోసెకన్ల అడుగులు వేస్తే ఫిల్టర్ తనకు నిజంగా తెలిసినదానికన్నా ఎక్కువ తెలుసనుకుంటుంది.

ఫోటాన్లు, కణాలు, కోడ్లు

ఈ రంగంలో నాకు అన్నిటికన్నా అందంగా అనిపించే లూప్ మాత్రం మైక్రోవేవ్ క్యావిటీది, అంటే ఎదురెదురు అద్దాల మధ్య ఫోటాన్లను బంధించే చోటుది. 2011లో పారిస్‌లో సెర్జ్ అరోష్ బృందం క్యావిటీలో నిర్దిష్టమైన ఫోటాన్ల సంఖ్యను, 4 దాకా, ఫీడ్‌బ్యాక్‌తో నిలబెట్టింది. నియోబియం పూసిన అద్దాలు, 0.8 కెల్విన్, 51 గిగాహెర్ట్జ్. ఫోటాన్ ఆయుష్షు 65 మిల్లీసెకన్లు, అయితే 4 ఫోటాన్ల స్థితి అందులో నాలుగో వంతు, 16 మిల్లీసెకన్లే నిలుస్తుంది. ప్రతి 82 మైక్రోసెకన్లకు రిడ్‌బర్గ్ స్థితిలోని (ఎలక్ట్రాన్ చాలా పై స్థాయిలో ఉన్న) రుబీడియం పరమాణువుల చిన్న గుంపు క్యావిటీ దాటుతూ ఫోటాన్ల సంఖ్యను తన ఫేజ్‌లో మోసుకుపోతుంది. కంప్యూటర్ స్థితిని అంచనా వేసి, ఎంత మైక్రోవేవ్ లోపలికి పంపాలో తేలుస్తుంది. నేర్చుకోవాల్సింది ఆ అంచనాలో ఉంది. కొన్ని గుంపుల్లో పరమాణువే ఉండదు, ఉన్నవాటిలో కొన్ని డిటెక్టర్‌కు దొరకవు, ఇంకొన్ని క్యావిటీ దాటి డిటెక్టర్ చేరకుండా దారిలో ఉంటాయి. అవి ఇప్పటికే స్థితిని కదిపాయి, ఏం చెబుతాయో ఇంకా తెలియదు. ఫిల్టర్ వీటన్నిటినీ లెక్కలోకి తీసుకుంది. మరుసటి ఏడాది అదే బృందం దిద్దుబాటుకు కూడా ఒక్కో పరమాణువునే వాడి 7 ఫోటాన్ల దాకా వెళ్లింది.

శూన్యంలో తేలే నానోకణాల్లో మోసం ఇంకోలా ఉంటుంది. 2021లో వియన్నా, జ్యూరిక్ బృందాలు లేజర్‌తో పట్టుకున్న కణం కదలికను ఫీడ్‌బ్యాక్‌తో క్వాంటమ్ అట్టడుగు స్థితి దాకా చల్లబరిచాయి. సగటు ఫోనాన్ల (కదలిక శక్తి క్వాంటాల) సంఖ్య వియన్నాలో 0.56, జ్యూరిక్‌లో 0.65. ఇలాంటి లూప్‌లో గెయిన్ పెంచుతూ పోతే డిటెక్టర్ నాయిస్‌నే కణం మీదికి తోస్తుంటాం. కణం వేడెక్కుతుంది, కానీ లూప్ లోపలి సిగ్నల్ మాత్రం నాయిస్ తగ్గినట్టు, అసాధ్యమైన చల్లదనం వచ్చినట్టు చూపిస్తుంది. లూప్‌లో లేని రెండో డిటెక్టర్‌తో కొలవని ఉష్ణోగ్రతను నమ్మకండి.

ఎర్రర్ కరెక్షన్ కూడా కొలత, ఫీడ్‌బ్యాకే. 2016లో యేల్ బృందం క్యాట్ కోడ్‌తో లాజికల్ క్యూబిట్‌ను (తప్పులు దిద్దడానికి వీలుగా కోడ్‌లో దాచిన క్యూబిట్‌ను) దాని విడిభాగాల ఆయుష్షు దాటించింది, 2023లో అక్కడే జీకేపీ అనే ఇంకో కోడ్‌తో ఆ లాభం 2.27 రెట్లకు చేరింది. చాలా క్యూబిట్లను గడుల్లా పేర్చే సర్ఫేస్ కోడ్‌లో పరిస్థితి కొంత వేరు: తప్పు తెలియగానే పల్స్ కొట్టనక్కర్లేదు, పౌలీ ఫ్రేమ్‌లో, అంటే బాకీ దిద్దుబాట్ల పద్దులో రాసుకుంటే చాలు. 2024 నాటి గూగుల్ ప్రయోగంలో ఒక్కో సైకిల్ 1.1 మైక్రోసెకన్లు, దూరం 5 కోడ్‌కు (దూరం అంటే కోడ్ పరిమాణపు కొలత) డీకోడర్, అంటే తప్పులెక్కడో తేల్చే ప్రోగ్రామ్, ఆలస్యం సగటున 63 మైక్రోసెకన్లు. ఆ ఆలస్యం వల్ల మెమరీ ప్రయోగానికి నష్టం లేదు. నష్టం ఎక్కడంటే, డీకోడర్ ఒక సైకిల్ డేటాను 1.1 మైక్రోసెకన్ల కన్నా నిదానంగా నమిలితే. అప్పుడు బాకీ పేరుకుపోతుంది, నాన్-క్లిఫర్డ్ గేట్ (పద్దులో రాసుకుని సరిపెట్టలేని గేట్) వచ్చిన ప్రతిసారీ ఆగాల్సిన సమయం అంతకంతకూ పెరుగుతుంది.

లూప్ ఏదైనా, పనిచేస్తోందని ప్రకటించే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. అంతా అలాగే ఉంచి, కొలత ఫలితం బదులు పాత రన్‌లోని ఫలితాన్ని కంట్రోలర్‌కు ఇవ్వండి. పల్సుల సంఖ్య అదే, వేడి అదే, ఆలస్యం అదే, సమాచారం మాత్రం శూన్యం. యాక్టివ్ రీసెట్‌లోనైతే తొలి రౌండ్ దగ్గర క్యూబిట్ సగం సగంగానే మిగలాలి. అలా కాకుండా ఇంకా మెరుగుపడుతున్నట్టే కనిపిస్తే ఆ మెరుగు ఫీడ్‌బ్యాక్‌ది కాదు. రీడౌట్ టోన్ క్యూబిట్ టీ1ను తగ్గించి కిందికి లాగుతూ ఉండొచ్చు, లేదా పల్స్ ట్రిగ్గర్ కొలత ఫలితంతో కాకుండా వేరే లైన్‌తో ముడిపడి ఉండొచ్చు. ముందు ట్రిగ్గర్ లైన్ చూడండి, అది ఓసిల్లోస్కోప్‌లో నిమిషంలో తేలిపోతుంది.